రెండు నెలల్లో సంగీత కళాశాల ప్రవేశ పరీక్షకు సిద్ధం కావడం: జమ్మలమడుగు అబ్బాయికి సమాధానం

నాయనా, నీ ప్రశ్న నిదానంగా చదివాను. జమ్మలమడుగు దగ్గర పల్లె మీది, ఇంటర్ పరీక్షలు రాసేశావు. మీ అబ్బ (తాత) హార్మోనియం మీద నాటక పద్యాలు నేర్పేవారు, నీ గొంతు విప్పింది ఆయన దగ్గరే. తర్వాత శని, ఆదివారాలు ప్రొద్దుటూరు పోయి ఒక మేడం దగ్గర వర్ణాల (కీర్తనలకు ముందు నేర్పే సాధన రచనల) దాకా, పైన నాలుగైదు కీర్తనలు నేర్చుకున్నావు. ఇప్పుడు తిరుపతిలో గాత్రం సీటుకు దరఖాస్తు పెడుతున్నావు, పరీక్షకు రెండు నెలలుంది. ఏ పెద్ద కీర్తన పాడితే మెచ్చుకుంటారు, శ్రుతి (పాటకు ఆధారమయ్యే స ఎత్తు) ఒకటిన్నర పెట్టుకోవాలా రెండు పెట్టుకోవాలా, థియరీలో ఏం అడుగుతారు, హార్మోనియంతో నేర్చుకోవడం నష్టమవుతుందా అని అడిగావు. చివర్లో మీ నాన్న భయం కూడా రాశావు. నేను సంగీతం పాఠాలు చెప్పి రిటైరై కడపలో ఉంటున్నాను. ప్రవేశ పరీక్షల్లో బల్లకు అవతలి పక్క కూర్చుని చాలామంది పిల్లల పాట విన్నాను. అక్కడ కూర్చున్నవాళ్లకు ఏం వినపడుతుందో తెలుసు కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

పెద్ద కీర్తన సంగతి ముందు తేల్చేద్దాం. ప్రతి ఏడూ ఎక్కువమంది పిల్లలు దెబ్బతినేది అక్కడే. నెల రోజుల ముందు ఎవరో చెప్పారని తోడిలోనో భైరవిలోనో బరువైన కీర్తన ఒకటి యూట్యూబులో విని పట్టుకుంటారు. తోడి గాంధారం ఊగే తీరు గురువు ఎదురుగా ఏళ్ల తరబడి కూర్చుంటే గానీ గొంతులోకి రాదు. పరీక్షకులు పల్లవి రెండో సంగతికే (అదే పంక్తిని మార్చి పాడే రెండో తీరుకే) విషయం గ్రహిస్తారు. ఈ అబ్బాయి రికార్డింగును అనుకరిస్తున్నాడు, రాగం ఇంకా లోపలికి దిగలేదు అని అర్థమైపోతుంది. ఆ మీదట ఎంత పాడినా ఆ అభిప్రాయం మారడం కష్టం. దానికి బదులు మోహనలో ఆది తాళ వర్ణం రెండు కాలాల్లో (ఒక వేగంలో, మళ్లీ దానికి రెట్టింపులో) శుభ్రంగా పాడే పిల్లవాణ్ని చూస్తే వాళ్ల ముఖాలు విప్పారుతాయి. వాళ్లు వెతికేది కచేరీ చేసేవాణ్ని కాదు నాయనా, నాలుగేళ్లు కూర్చోబెట్టి చెబితే ఎదిగేవాణ్ని. ఆ ఎదుగుదల మొదట చెవిలో ఉంటుంది. నీ చెవి శ్రుతిని పట్టుకుంటుందా, నీ చెయ్యి లయను నిలబెడుతుందా, తప్పు చూపిస్తే మరుక్షణం దిద్దుకోగలవా అన్నవే వాళ్లకు కావాలి.

పరీక్ష గదిలో సాధారణంగా ఏం జరుగుతుందో చెబుతాను. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నావు అని అడుగుతారు. శ్రుతి ఏదంటే చెప్పాలి. వర్ణం పాడమంటారు. మొదటి కాలం పల్లవి కాగానే రెండో కాలం అందుకోమనవచ్చు, లేదా చరణ స్వరాల్లో మూడోది పాడు అని మధ్యలోంచి అడగవచ్చు. తర్వాత నీకిష్టమైన కీర్తన. దాన్ని చాలాసార్లు సగంలోనే ఆపిస్తారు. అప్పుడు ఒకాయన ఆకారంలో (స్వరాల పేర్లు లేకుండా ఆ అంటూ) చిన్న పలుకు పాడి, తిరిగి పాడమంటారు, అందులో స్వరాలేమిటో చెప్పమంటారు. నువ్వు పాడినదాంట్లోనే ఒకచోట దిద్ది, ఇలా పాడి చూడు అంటారు. అసలు పరీక్ష ఇదే. మొదటిసారి తప్పు పాడి, దిద్దగానే సరిగ్గా అందుకున్న పిల్లలకు సీటు రావడం చూశాను. బ్రహ్మాండంగా పాడుతూ, దిద్దిన చోట మళ్లీ మళ్లీ పాత పద్ధతిలోకే పోయే పిల్లల విషయంలో పరీక్షకులు ఆలోచనలో పడటమూ చూశాను.

అందుకని మీ మేడంగారితో ఒక మాట చెప్పు. ఈ రెండు నెలలు కొత్త కీర్తనలు వద్దు, వచ్చినవాటినే కోసి కోసి దిద్దమని అడుగు. నువ్వు ఆపకుండా పాడటం కన్నా ఆమె ఆపినచోట ఆగి, దిద్దిన సంగతి అక్కడికక్కడే అందుకోవడం నీకు ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు శ్రుతి. మీ అబ్బ కాలంలో నాటకాలకు మైకులు ఉండేవి కావు. చివర కూర్చున్నవాడికి కూడా పద్యం వినబడాలని ఎత్తు శ్రుతిలో పాడేవాళ్లు. ఆ గాలి నీకు సోకి ఉంటుంది కాబట్టే రెండు మీద మనసు పోతోంది. తార స్థాయిలో నీ గొంతు మోగినప్పుడు ఇంట్లోవాళ్లు భళా అని ఉంటారు. సంగీత పరీక్షలో కిందిస్థాయి కూడా చూస్తారు. మంద్ర పంచమం (కింది స్థాయి ప) గాలి పోకుండా వినపడాలి, తార గాంధారం (పై స్థాయి గ) మీద నొక్కిపెట్టకుండా నిలబడగలగాలి. పొద్దున లేచిన గంటకూ, సాయంత్రం అలసిపోయాకా, రెండు పూటలా ఈ రెండూ ఏ శ్రుతిలో సులువుగా పలుకుతాయో అదే నీ శ్రుతి. ఒకటిన్నర, రెండు రెండింట్లోనూ పలికితే ఒకటిన్నర పెట్టుకో. మీ వయసులో మగపిల్లల గొంతు ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, దాన్ని పైకి లాగి పెట్టడం మంచిది కాదు. ఏదైనా ఈ వారంలోనే తేల్చుకుని పరీక్షదాకా మార్చకు. గదిలో అడిగినప్పుడు ఒకటిన్నర అండీ అని తడుముకోకుండా చెప్పాలి. ఆ ఒక్క జవాబులో నువ్వు తంబురాతో సాధకం చేస్తావో లేదో వాళ్లకు తెలిసిపోతుంది.

హార్మోనియం గురించి నీకున్న బెంగ సగం నిజం. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మన సీమ పిల్లల్లో చాలామంది భజన మందిరాల నుంచీ నాటకాల నుంచీ వచ్చేవాళ్లే కాబట్టి.

హార్మోనియంలో స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా కోసి మెట్లు బిగిస్తారు. తంబురా అలా ఉండదు. బాగా శ్రుతి చేసిన తంబురా మంద్ర షడ్జం (కింది స) తంత్రిని మీటి చెవి దగ్గర పెట్టుకో, షడ్జం మోగుతూ ఉండగానే దానిలోంచి అంతర గాంధారం తానుగా లేస్తుంది. దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. హార్మోనియం మెట్టు మీది గాంధారం దీనికన్నా కాస్త ఎక్కువగా ఉంటుంది. పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని నూరు పాళ్లు చేస్తే దాదాపు 14 పాళ్లు ఎక్కువ. వినడానికి చిన్న తేడా. శంకరాభరణంలోనో కల్యాణిలోనో గాంధారం మీద నిలిచినప్పుడు మాత్రం చెవి తేరినవాళ్లకు గుచ్చుకుంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. మెట్టు నుంచి మెట్టుకు దూకే వాద్యం అది, జారు, కంపితం (స్వరాన్ని జార్చడం, ఊపడం) లాంటి గమకాలు దానిలో పలకవు. దానితోపాటే పాడే గొంతు కూడా స్వరాలను విడివిడిగా పెట్టడానికి అలవాటు పడుతుంది. అందుకని ఈ రోజు నుంచి పాడేటప్పుడు హార్మోనియం మూసెయ్యి. ఎలక్ట్రానిక్ తంబురా ఉంటే అది, లేకుంటే ఫోనులో తంబురా యాప్ పెట్టుకో. ఫోను స్పీకరు సన్నగా ఉంటుంది కాబట్టి చిన్న స్పీకరుకు తగిలించు. మొదటి వారం నీకు ఆధారం పోయినట్టు అనిపిస్తుంది. రెండో వారానికి షడ్జంలో నీ గొంతు కలిసిపోయి, నువ్వు పాడుతున్నావా తంబురా మోగుతోందా అని తెలియని క్షణాలు వస్తాయి. అవి వచ్చాక ఇక హార్మోనియం మీద మనసు పోదు.

అలాగని అబ్బ పెట్టెను అటక మీద పెట్టకు, దానితో వేరే పని ఉంది. స్వరజ్ఞానానికి అంతకంటే మంచి పరికరం మీ ఇంట్లో లేదు. మీ చెల్లెలినో, అబ్బనే గానీ, నీ వెనక కూర్చుని నీ శ్రుతిలో మోహన స్వరాల్లో మూడు మెట్లు నొక్కమను. ఏం నొక్కారో నువ్వు స్వరం పేరుతో పాడాలి. మొదట స రి గ, గ ప ద లాంటి దగ్గరి పలుకులు. అవి కుదిరాక స ప గ, ద గ రి లాంటి దూకుళ్లు. మోహనలో ఐదు స్వరాలే కాబట్టి మొదట అందులో తేలిక. తర్వాత శంకరాభరణానికి, మాయామాళవగౌళకు వెళ్లు. ఇది రోజూ పావుగంట చాలు, కానీ రోజూ ఉండాలి. ఆదివారం మీ మేడంగారు ఇదే ఆకారంలో, గమకంతో పాడి అడగాలి. గమకం చుట్టుకున్న స్వరాన్ని పోల్చడం హార్మోనియంతో రాదు, మనిషి గొంతు వినే రావాలి.

పద్యం నీకు ఇచ్చినవి కూడా ఉన్నాయి, అవి పోగొట్టుకోవద్దు. మాట స్పష్టంగా పలకడం, గొంతు తెరిచి వదలడం, యతి దగ్గర ఊపిరి తీసుకోవడం. పట్టణంలో నేర్చుకున్న పిల్లల్లో చాలామందికి ఈ మూడూ కొరవడతాయి. పద్యనాటకం మన జిల్లాకు పరాయిది కాదు. సురభి నాటక సమాజం 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలోనే వనారస గోవిందరావు గారి చేతుల మీదుగా పుట్టింది. పేరుమోసిన నటులు బళ్లారి రాఘవ గారు పుట్టింది అనంతపురం జిల్లా తాడిపత్రిలో. అందుకని నాటక పద్యాల నుంచి వచ్చానండీ అని చెప్పడానికి సంకోచపడకు. ఇంకేమైనా వచ్చా అని అడిగితే ఒక పద్యం సిద్ధంగా పెట్టుకో, నిమిషంన్నరకు మించనిది, ఒకే రాగంలో నడిచేది. చివరి అక్షరం మీద స్టేజీ రాగాలాపన తీసే అలవాటును మాత్రం అక్కడ వదిలెయ్. సినిమా పాట నువ్వుగా మొదలుపెట్టకు. వాళ్లే అడిగితే పాడు.

పద్యం నుంచి వచ్చిన పిల్లలకు పెద్ద లోటు తాళం. పద్యానికి తాళం లేదు, ఎక్కడ ఎంతసేపు నిలబడాలో పాడేవాడి ఇష్టం. ఆ స్వేచ్ఛ మరిగిన గొంతు వర్ణంలో దీర్ఘం వచ్చినచోట తెలియకుండా ఆగిపోతుంది. చెయ్యి దానికోసం కాచుకుంటుంది. పాడేవాడికి ఇది తెలియదు, వినేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. నీ వర్ణం ఫోనులో రికార్డు చేసి, మెట్రోనోము పెట్టుకుని విను. పల్లవి వేగం ఎంత, చరణ స్వరాల దగ్గర వేగం ఎంత అని పోల్చు. దాదాపు అందరూ స్వరాల్లో పరుగెత్తుతారు, సాహిత్యంలో కూర్చుంటారు. ఆ పరుగు ఆగేదాకా వేరే పని పెట్టుకోవద్దు.

దానికి మందు అలంకారాలే. చిన్న తరగతి పాఠాలని పిల్లలు వాటిని వదిలేస్తారు, పరీక్షకులు మాత్రం అవే అడుగుతారు. సప్త తాళ అలంకారాలు మూడు కాలాల్లో, చేత్తో తాళం వేస్తూ, చెయ్యి వేగం మారకుండా పాడాలి. ధ్రువ 14 అక్షరాలు, మఠ్య 10, రూపక 6, ఝంప 10, త్రిపుట 7, అట 14, ఏక 4. వీటిలో ఝంప, అట దగ్గర ఎక్కువమంది తడబడతారు. ఝంపలో ఏడు అక్షరాల లఘువు (దెబ్బ వేసి వేళ్లు లెక్కపెట్టే భాగం), తర్వాత అనుద్రుతం (ఒక అక్షరం), ద్రుతం (రెండు). ఏడు లెక్కపెట్టేటప్పుడు వేళ్లు తప్పుతాయి. రోజూ ఒక తాళం పెట్టుకో. మాయామాళవగౌళలో వచ్చాక అదే అలంకారం కల్యాణిలో పాడు, అప్పుడు స్వరస్థానాలు కూడా చెవికి పట్టుబడతాయి.

వర్ణం మొదలుపెట్టేముందు ఒక ఆవర్తనం (తాళం పూర్తి చుట్టు) ఖాళీగా తాళం వెయ్యి. నోరు తెరిచాక తాళం పట్టుకోవడం చాలామంది చేసే పని, దానివల్ల ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) జారుతుంది. కీర్తన సగం అక్షరం దాటి ఎత్తుకునేదైతే ఈ ఖాళీ ఆవర్తనం మరీ అవసరం. మొదటి కాలం వేగం ఎంచుకునేటప్పుడు రెండో కాలాన్ని దృష్టిలో పెట్టుకో. రెండో కాలంలో స్వరం స్పష్టంగా పలికే వేగం ఎంతో చూసుకుని, దానిలో సగం వేగంతో మొదటి కాలం ఎత్తుకో. ఇంకొక అలవాటు చేసుకో. పల్లవి సగం పాడి, మిగతా సగం నోరు మూసుకుని చేత్తో తాళం మాత్రమే వేసి, అనుపల్లవి సరిగ్గా సమం (తాళం మొదటి దెబ్బ) మీద అందుకో. రెండు వారాలు ఇలా చేస్తే లయ చేతి నుంచి లోపలికి దిగుతుంది.

ముక్తాయి స్వరం (అనుపల్లవి తర్వాత వచ్చే స్వరభాగం) నుంచి, చరణం నుంచి, చివరి స్వరం నుంచి, ఎక్కడి నుంచి అడిగినా ఎత్తుకోగలగాలి. వర్ణాన్ని కాగితం మీద ముక్కలుగా రాసి చీట్లు చేసి, తీసిన చీటీలో ఏ ముక్క వస్తే అక్కడి నుంచి పాడు. మొదటి నుంచి అందుకుంటేనే వచ్చే పాటను పరీక్షలో వచ్చినట్టుగా లెక్కపెట్టరు.

కీర్తనలు రెండు చాలు. మోహన, హంసధ్వని, శంకరాభరణం, ఆరభి, బిలహరి, శ్రీరంజని లాంటి రాగాల్లో మీ మేడంగారు నేర్పినవాటిలోంచే ఎంచుకో. ఒకటి ఆది, ఒకటి రూపకం ఉంటే మంచిది. శ్రీరంజని, హిందోళం లాంటివాటిలో పంచమం లేదు, అవి పాడేటప్పుడు తంబురా ఎలా ఉంచాలో మీ మేడంగారిని ముందే అడుగు.  నేర్చుకున్న సంగతులన్నీ పాడక్కర్లేదు, గొంతులో శుభ్రంగా పలికేవే ఉంచుకో. మూడోదిగా ఒక అన్నమాచార్య కీర్తన. ప్రతి కీర్తనకూ పదవిభాగం, తాత్పర్యం మీ మేడంగారి దగ్గర కూర్చుని చెప్పించుకో. త్యాగరాజస్వామి కీర్తనల్లో మాట మధ్యలో ఊపిరి తీసి అర్థం విరిచేసే తెలుగు పిల్లల్ని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. మన భాషలో ఉన్న సంపద అది, తమిళనాడు పిల్లలు అర్థం అడిగి రాసుకుని మరీ పాడుతున్నారు.

థియరీకి అంత భయం వద్దు. ముందు నువ్వు పాడినదాని చుట్టూనే అడుగుతారు: రాగం, ఆరోహణ అవరోహణ, ఏ మేళానికి జన్యం (ఏ మూలరాగం నుంచి పుట్టింది), తాళం, దాని అంగాలు, వాగ్గేయకారుడు. మోహన 28వ మేళం హరికాంభోజికి జన్యం, హంసధ్వని 29వ మేళం ధీరశంకరాభరణానికి జన్యం, ఇలా నీ పాటలన్నింటికీ ఒక పుటలో రాసి పెట్టుకో. తర్వాత 12 స్వరస్థానాలు, వాటి 16 పేర్లు, 72 మేళకర్తల ఏర్పాటు, సప్త తాళాలు ఐదు జాతులతో 35 కావడం. మేళం సంఖ్య కటపయాది సూత్రంతో కనుక్కోవడం తప్పకుండా నేర్చుకో, అది ఒక్క సాయంత్రం పని. క, ట, ప, య లతో ఒక్కొక్క వరుస మొదలవుతుంది, ప్రతి వరుసలో అక్షరాలు ఒకటి నుంచి లెక్క, ఞ, న లకు సున్న. రాగం పేరులో మొదటి రెండక్షరాల అంకెలు వేసి తిరగెయ్యాలి. మాయామాళవగౌళలో మా అంటే 5, య అంటే 1, 51ని తిరగేస్తే 15. మేచకల్యాణిలో మే అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65. ఖరహరప్రియ 2, 2 కాబట్టి 22. హనుమతోడి 8, 0, తిరగేస్తే 08. ఇలా పదీ పదిహేను పేర్లు వేసి చూస్తే వేళ్ల మీదికొస్తుంది.

కడప నుంచి వచ్చానంటే మీ ప్రాంతంలో సంగీత విద్వాంసులెవరని అడగడం కద్దు. పిల్లలు అన్నమయ్య అని ఊరుకుంటారు. నువ్వు కొంచెం ముందుకు వెళ్లాలి. అన్నమాచార్యులు (1408–1503) రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టారు. ఆయన కీర్తనలు రాగిరేకుల మీద తిరుమలలో దొరికాయి. రేకుల మీద రాగం పేరు ఉంటుంది, స్వరాలు ఉండవు. అందుకే నేడు మనం పాడే బాణీలు ఎక్కువభాగం 20వ శతాబ్దంలో కట్టినవి. ఆ పనిలో ముందు నిలిచినవారు అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు (1893–1979), మైసూరులో తెలుగు చెప్పిన పండితులు, మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు పొందినవారు. కర్నూలు వైపు వస్తే శ్రీపాద పినాకపాణి గారు. పుట్టింది శ్రీకాకుళం ప్రాంతంలో, వృత్తి వైద్యం, కర్నూలులో స్థిరపడి 2013లో అక్కడే కన్నుమూశారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు లాంటివారు ఆయన శిష్యులు. గమకాలతో సహా ఎన్నో కృతులకు ఆయన రాసిన స్వరలిపిని తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసింది. ఈ పుస్తకాలు దొరికితే నీ కీర్తనల స్వరలిపి మీ పాఠాంతరంతో పోల్చి చూడు, చదువుతూ పాడటం కూడా అలవాటవుతుంది. ఇవి మార్కుల కోసం బట్టీ పట్టే సంగతులుగా తీసుకోకు. ఆస్పత్రి చూసుకుంటూ ఒక మనిషి ఇంత పని చేశాడని తెలిస్తే సాధకానికి పొద్దున్నే లేవడం తేలికవుతుంది.

పొద్దున అన్నాను కాబట్టి గొంతు, ఎండ గురించి. మే నెల మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం పాడితే గొంతు ఎండిపోయి నొక్కిపెట్టే అలవాటు పడుతుంది. తెల్లవారి ఐదుకు లేచి, ముందు మంద్ర స్థాయిలో నిదానంగా, ఆకారంలో, ఒక్కొక్క స్వరం మీద ఊపిరి అయ్యేదాకా నిలిచి పాడు. అరగంట అదే. తర్వాత సరళి, జంట, అలంకారాలు. ఎండెక్కేలోపు ముగించి, వర్ణం, కీర్తన సాయంత్రం పెట్టుకో. ఒక్కసారే మూడు గంటలు అరవడం కన్నా రెండు పూటలా గంటన్నర చొప్పున మేలు. గొంతు బొంగురుపోతే ఆ రోజు పాట ఆపి తాళం, స్వరజ్ఞానం చేసుకో, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించు. అల్లం, తేనె, మిరియాలు హాయినిస్తాయి, అంతే. మింగినది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులను తాకదు. వాటికి కావాల్సింది రోజంతా తాగే నీళ్లు, నిద్ర. ఆవిరి పట్టడం మాత్రం ఊపిరితోపాటు అక్కడిదాకా చేరుతుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానుకో. ఊళ్లో భజనల్లో ఈ రెండు నెలలు గట్టిగా అందుకోవద్దు, వాళ్లకు నచ్చజెప్పు.

భజన మందిరం ఇంకో పనికి వాడుకో. పరీక్షకు ముందు కొన్ని శనివారాలు రామాలయంలో, నేల మీద బాసింపట్టు వేసుకుని, మైకు లేకుండా, తంబురా ఒక్కటే పెట్టుకుని వర్ణం, కీర్తన పాడు. మంచం మీద కూర్చుని సాధకం చేసే పిల్లలకు పరీక్ష గదిలో నేల మీద కూర్చోగానే నడుము వంగి ఊపిరి తగ్గిపోతుంది. కొత్తవాళ్ల ముందు గుండె దడ ఎక్కడ మొదలవుతుందో, అప్పుడు నీ వేగం ఎంత పెరుగుతుందో ఆ శనివారాల్లో తెలుస్తుంది. దడ ఉన్నప్పుడు ఖాళీ ఆవర్తనాలు రెండు వేసుకో.

పరీక్షకు ముందురోజే తిరుపతి చేరుకో. కడప నుంచి రాజంపేట, కోడూరు మీదుగా బస్సు మూడు గంటలపైన పడుతుంది, మీ ఊరి నుంచి ఇంకా ఎక్కువ. కిటికీ గాలికి గొంతు ఆరిపోయి దిగి సరాసరి పాడటం వద్దు. పొద్దున తేలికగా తిను, పాడేముందు పొట్ట నిండా అన్నం వద్దు. ఫోనులో తంబురా పెట్టుకుంటే ఫ్లైట్ మోడులో పెట్టి, వాళ్ల అనుమతి అడిగి ఆన్ చెయ్యి. స, ప, పై స మూడూ కలిశాకే మొదలుపెట్టు. ఆ పావు నిమిషం ఎవరూ తొందరపెట్టరు. మధ్యలో ఆపితే పాట బాగాలేదని అనుకోకు, వినాల్సింది విన్నాక ఆపుతారు, వాళ్లకు బయట ఇంకా పిల్లలున్నారు. తప్పు పడితే తాళం వదలకు, తర్వాతి సమం మీద అందుకో. గొంతు బాగాలేదండీ అని ముందే చెప్పుకోవద్దు. తెలియని ప్రశ్నకు తెలియదండీ అను, ఊహించి చెప్పకు.

దరఖాస్తు తిరుపతికి ఒక్కదానికే పెట్టి కూర్చోవద్దు. టిటిడి నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచి ఉంది, పోటీ ఉంటుంది. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, విజయవాడలో ప్రభుత్వ కళాశాల ఉంది. నోటిఫికేషన్ ఏ ఏటికాయేడు మారుతుంది. వయసు, చదువు అర్హతలు, కావాల్సిన కాగితాలు ఆ సంవత్సరంది తెప్పించుకుని చదువు. ఈ ఏడు రాకపోతే సర్టిఫికెట్ పరీక్షకు కట్టి, మేడంగారి దగ్గర మానకుండా ఏడాది నేర్చుకుని మళ్లీ రా. రెండోసారి వచ్చిన పిల్లల్ని పరీక్షకులు గుర్తుపడతారు, అది నీకు మేలే చేస్తుంది.

మీ నాన్న భయం న్యాయమైనదే, ఆయనతో వాదించకు. సంగీతం చదివినవాళ్లలో ఎక్కువమందికి మొదటి కొన్నేళ్లు జీవనం పాఠాలు చెప్పడం మీదే నడుస్తుంది. కచేరీల మీద ఇల్లు గడిచేది కొద్దిమందికి. తర్వాత బడుల్లో సంగీతం టీచరు పోస్టులు, దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు లాంటి చోట్ల అవకాశాలు, ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడు వస్తే కార్యక్రమాలు. మన కడప కేంద్రం 1963 నుంచి ఉంది. ఇవేవీ చదువైన మర్నాడే దొరకవు. అందుకని సంగీతంతోపాటు దూరవిద్యలో డిగ్రీ కట్టు, కళాశాల నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కో. డిగ్రీ ఉంటే బి.ఇడి., ఇతర ఉద్యోగాల దారి మూసుకుపోదు. ఈ మాట కాగితం మీద లెక్కలతో సహా నాన్న ముందు పెట్టు: ఫీజు ఎంత, హాస్టలు ఎంత, నాలుగేళ్లకు ఎంత. ఆయనను ఒక ఆదివారం ప్రొద్దుటూరు తీసుకుపోయి మేడంగారితో మాట్లాడించు. కొడుకు గురించి గురువు నోట విన్న మాటకు తండ్రి దగ్గర బరువుంటుంది.

నేను నీ గొంతు వినలేదు, ఆమె విన్నారు. శ్రుతి ఏది, ఏ వర్ణం, ఏ రెండు కీర్తనలు అన్నది ఆమెతోనే ఖాయం చేసుకో. ఇక్కడ నేను రాసిందానికీ ఆమె చెప్పిందానికీ తేడా వస్తే ఆమె చెప్పినట్టే చెయ్యి. ఆదివారం వెళ్లేలోపు మాత్రం ఒక పని చేసుకో: వర్ణం రెండు కాలాల్లో తంబురాతో రికార్డు చేసి, నువ్వే విని, వేగం మారిన చోట్లు కాగితం మీద గుర్తులు పెట్టుకుని ఆ కాగితం పట్టుకుని వెళ్లు. పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టమని అడుగు.